ఉప్పు తూచి, చేతులు కట్టుకోవడం

కూరగాయలు ఊరవేయడం కొత్తగా మొదలుపెట్టినవాళ్ళు రెండు రకాలుగా పాడుచేసుకుంటారు. కొందరు చేతికొచ్చినంత ఉప్పు వేసి, సీసా మూత బిగించి, సజ్జ మీదికి ఎక్కించి, మళ్ళీ ఇంటికి చుట్టాలొచ్చినప్పుడు గుర్తుచేసుకుంటారు. ఇంకొందరు పూటకోసారి మూత తీస్తారు. వాసన చూస్తారు, గరిటె పెట్టి తిప్పుతారు, ఒక ముక్క నోట్లో వేసుకుని అదే చెంచా మళ్ళీ సీసాలో ముంచుతారు. మొదటివాళ్ళ సీసా పగులుతుంది, రెండోవాళ్ళ సీసాకి బూజు పడుతుంది. ఆ తర్వాత ఇద్దరూ అనేమాట ఒక్కటే: "మన చేతికి ఇది అచ్చిరాదు."

చేయి మంచిదా కాదా అన్న ప్రశ్నే ఇక్కడ లేదు. మన వశంలో ఉన్నవి మూడు: ఉప్పు ఎంత బరువు, ముక్కలు నీటికింద ఉన్నాయా లేదా, సీసా పెట్టిన చోట ఎంత వేడి. ఈ మూడూ చూసుకున్నాక మిగిలిన పనంతా కంటికి కనబడని జీవులది. అందులో మనం తలదూర్చినకొద్దీ నష్టమే. పని అప్పగించి ఊరుకోవడం మనలో చాలామందికి రాదు. పిల్లల చదువు దగ్గర రాదు, ఆఫీసులో కింది ఉద్యోగి దగ్గర రాదు. అది ఉపన్యాసాలు వింటే వచ్చేది కాదు గాని, వంటింటి గట్టుమీద ఒక సీసా పెట్టుకుని పది రోజులు ముట్టకుండా ఉండగలిగితే కొంత అలవడుతుంది. పైగా చివర్లో తినడానికి ఏదో ఒకటి మిగులుతుంది.

ఈ అధ్యాయం నస్పూర్ వంటిళ్ళను దృష్టిలో పెట్టుకుని రాస్తున్నాను. గోదావరికి దగ్గర, సింగరేణి శ్రీరాంపూర్ ఏరియా గనుల నడుమ ఉన్న ఊరు. మే నెలలో ఎండ 45 డిగ్రీలు దాటే రోజులుంటాయి, పుష్యమాసంలో ఉమ్మడి ఆదిలాబాద్ చలి పళ్ళు కొరికిస్తుంది. చల్లటి దేశాలవాళ్ళు రాసిన పద్ధతులు ఇక్కడ యథాతథంగా పనిచేయవు. "గది ఉష్ణోగ్రతలో మూడు వారాలు ఉంచండి" అని వాళ్ళు రాస్తారు. ఏ గది, ఏ నెల అన్నది వాళ్ళకి పట్టదు. మనకి అదే ప్రాణం.

తొక్కు వేరు, ఇది వేరు

మన ఇళ్ళలో జాడీలకు కొదవలేదు. మామిడికాయ తొక్కు, ఉసిరికాయ తొక్కు, పండు మిరపకాయ తొక్కు అన్నీ ఉంటాయి. అయితే వాటిలో ఎక్కువ భాగం పులియబెట్టినవి కావు. ఆవకాయ సంగతే చూడండి. కిలో ముక్కలకి పావుకిలో ఉప్పు, పావుకిలో కారం, పావుకిలో ఆవపిండి, అరకిలో నూనె అనే లెక్క చాలా ఇళ్ళలో ఉన్నదే. ముక్కల బరువులో పావువంతు ఉప్పు పడితే ఏ సూక్ష్మజీవీ తేలిగ్గా బతకలేదు. దానికితోడు మామిడి పులుపు ఉండనే ఉంది, పైన నూనె గాలిని అడ్డుకుంటుంది. ఆ పచ్చడి ఏడాది నిలవడానికి కారణం లోపల జీవులు పనిచేయడం కాదు, పనిచేయలేకపోవడం.

లాక్టిక్ పద్ధతి దీనికి తిరగబడి నడుస్తుంది. ఉప్పు నూటికి రెండు నుంచి అయిదు పాళ్ళు మాత్రమే. కుళ్ళబెట్టే జీవులకి ఆ ఉప్పు ఎక్కువవుతుంది, లాక్టిక్ ఆమ్లం తయారుచేసే బ్యాక్టీరియాకి మాత్రం సరిపోతుంది. కూరగాయలో ఉన్న కొద్దిపాటి చక్కెరను అవి తిని ఆమ్లంగా మారుస్తాయి. ఆ పులుపే కాయను కాపాడుతుంది. పాలు తోడుకోవడంలో జరిగేదీ ఇదే తంతు. పాలు పులియడం వెనుక ప్రాణమున్న జీవులున్నాయని ఫ్రాన్స్‌లో లూయీ పాశ్చర్ 1857లో రాశాడు. మన అమ్మమ్మలు ఆ వ్యాసం చదవకుండానే మొన్నటి పెరుగు చెంచాడు దాచి నేటి పాలలో వేశారు.

మన తొక్కుల్లోనూ పులియడం అసలే లేదనడం సరికాదు. చింతకాయ తొక్కు గుర్తుచేసుకోండి. కాయల్ని ఉప్పు, పసుపు వేసి కచ్చాపచ్చాగా దంచి జాడీలో పెడతారు. మూడో రోజు తీసి, గింజలు, ఈనెలు ఏరి మళ్ళీ దంచుతారు. ఆ మధ్యలో జాడీని కదపరు. పండు మిరపకాయలకీ చాలా ఇళ్ళలో ఇదే వరస. ఆ మూడు రోజుల ఓపికని పది, ఇరవై రోజులకి సాగదీసి, ఉప్పుని తగ్గించి, కొలతని కచ్చితం చేయడమే మనం ఇక్కడ నేర్చుకునేది.

కాంటా లేకుండా మొదలుపెట్టకండి

సోలెడు, గిద్దెడు, గుప్పెడు అనే కొలతలు తొక్కుకి సరిపోతాయి. అక్కడ ఉప్పు కాస్త ఎక్కువైతే ఉప్పగా ఉంటుంది, అంతే. ఇక్కడ ఒకటిన్నర శాతానికి తగ్గితే కాయ మెత్తబడి కుళ్ళుతుంది, ఎనిమిది దాటితే పులియడం నత్తనడక పడుతుంది. పైగా చెంచాడు దొడ్డుప్పు, చెంచాడు మెత్తటి ఉప్పు ఒకే బరువు తూగవు. గ్రాముల్లో చూపించే చిన్న ఎలక్ట్రానిక్ కాంటా కొనుక్కోండి. ఈ పనికి డబ్బు పెట్టాల్సిన వస్తువు అదొక్కటే.

లెక్క ఇది. ముక్కల్ని ఉప్పునీళ్ళలో ముంచేటట్టయితే ముక్కల బరువు, నీళ్ళ బరువు కలిపి, దానిమీద శాతం కట్టాలి. అరకిలో క్యారెట్, ముల్లంగి ముక్కలు, అరలీటరు నీళ్ళు అనుకుంటే మొత్తం 1000 గ్రాములు. మూడు శాతమంటే 30 గ్రాముల ఉప్పు. నీళ్ళ బరువుకే లెక్కకట్టి 15 గ్రాములు వేసేవాళ్ళు ఎక్కువమంది. ముక్కల్లో ఉన్న నీరు బయటికొచ్చాక ఆ ఉప్పు సగానికి పలచబడుతుంది, వారంలో ముక్క జావగారిపోతుంది. క్యాబేజీ తురుముకి, మిరపకాయ ముద్దకి నీళ్ళు పోయనక్కర్లేదు, వాటి బరువు మీద నేరుగా కడితే చాలు. క్యాబేజీకి రెండు నుంచి రెండున్నర, మిరపకాయకి మూడున్నర, వేసవిలో అయితే నాలుగున్నర దాకా.

ఏ ఉప్పు? దొడ్డుప్పు మేలు. అయోడిన్ ఉప్పు వాడితే పులియదని చాలామంది భయపెడతారు గాని, అయోడిన్ వల్ల పని ఆగిపోదు. ప్యాకెట్ ఉప్పులో గడ్డకట్టకుండా కలిపే పొడి వల్ల నీళ్ళు కాస్త మసకబారతాయి, అంతవరకే.

నీళ్ళ విషయంలో మాత్రం జాగ్రత్తపడాలి. నల్లా నీళ్ళలో క్లోరిన్ ఉంటుంది, అది వేసేదే సూక్ష్మజీవుల్ని చంపడానికి. రాత్రి గిన్నెలో పట్టి మూత లేకుండా వదిలేస్తే తెల్లవారేసరికి చాలావరకు పోతుంది. తొందరుంటే మరగబెట్టి పూర్తిగా చల్లార్చండి. బోరు నీళ్ళలో సున్నం ఉంటే ముక్క కరకరలాడటానికి అది సాయమే చేస్తుంది. నోటికే ఉప్పగా తగిలే బోరు నీళ్ళయితే వద్దు, మీ ఉప్పు లెక్క తప్పుతుంది.

పాత్ర గాజుదో, పింగాణీ జాడీనో కావాలి. పాత హార్లిక్స్ సీసా భేషుగ్గా పనికొస్తుంది. ఇత్తడి, రాగి, అల్యూమినియం గిన్నెల జోలికి పోవద్దు, పులుపు వాటిని తింటుంది. సీసాని వేడినీళ్ళతో కడిగి ఆరబెడితే చాలు, ఆపరేషన్ థియేటర్ శుభ్రత అక్కర్లేదు. కాయల్ని కూడా మంచినీళ్ళతో కడిగి గుడ్డ మీద ఆరేయండి గాని వెనిగర్‌తోనో, సబ్బు కలిపిన నీళ్ళతోనో తోమొద్దు. మనకి కావాల్సిన బ్యాక్టీరియా ఆ తోలుమీదే ఉంది.

నీటికింద ఉన్నదానికి భయం లేదు

సీసాలో ముక్కలు వేసి, ఉప్పునీళ్ళు పోసి, పైన రెండు వేళ్ళ ఖాళీ వదలండి. ఇప్పుడు అసలు చిక్కు: ముక్కలు తేలుతాయి. తేలిన ముక్కకి గాలి తగులుతుంది, గాలి తగిలిన చోట బూజు మొదలవుతుంది. కాబట్టి బరువు పెట్టాలి. క్యాబేజీ పెద్ద ఆకునో జామాకునో పైన కప్పి, దానిమీద చిన్న జిప్ కవర్‌లో అదే ఉప్పునీళ్ళు నింపి పెట్టండి. కవర్ కారినా లోపలి ఉప్పు పలచబడదు. గోదావరి నుంచి తెచ్చిన నున్నటి గులకరాయి కూడా పెట్టొచ్చు, బాగా మరగబెట్టి. ఒక్క పరీక్ష చేయండి: రాయిమీద నిమ్మరసం చుక్క వేస్తే నురగొస్తే అది సున్నపురాయి, పులుపులో కరుగుతుంది, పక్కన పడేయండి. జామాకు ఊరికే చెప్పలేదు. అందులోని వగరు ముక్కని గట్టిగా ఉంచుతుంది. మామిడి లేతాకూ అంతే.

మూతని పూర్తిగా బిగించకుండా సగం తిప్పి వదిలేయండి. లోపల గ్యాస్ పుడుతుంది, దానికి దారి కావాలి. బిగించాలనే ఉంటే రోజుకోసారి ఒక్క క్షణం వదులుచేసి మళ్ళీ బిగించాలి. సింగరేణి ఇళ్ళలో ఈ పనికి వేళ ఎంచుకోవడం కష్టం, ఫస్ట్ షిఫ్ట్ వారం ఒకలా, నైట్ షిఫ్ట్ వారం ఒకలా గడుస్తుంది. గడియారానికి ముడిపెట్టకండి. డ్యూటీ దిగి వచ్చి చెప్పులు విడిచాక మొదటి పని అదే అనుకోండి. మూత వదిలితే చిన్నగా బుస్సుమంటుంది, అది వినపడితే మీ పనైపోయినట్టే. ముక్కని తీసి చూడాల్సిన అవసరం లేదు.

సీసామీద చిన్న చీటీ అంటించండి: ఏ తేదీన పెట్టారు, కాయల బరువెంత, ఉప్పెంత. ఇది చాదస్తంగా కనిపిస్తుంది. మూడో సీసా దగ్గరికి వచ్చేసరికి, మొదటిది ఎందుకు అంత బాగుందో ఆ చీటీ ఒక్కటే చెప్పగలదు.

సీసాలో ఏమవుతుంది

మొదటి రోజు ఏమీ కనబడదు. రెండో రోజుకి, మూడో రోజుకి సన్నటి బుడగలు సీసా గోడలకి అంటుకుంటాయి, నీళ్ళు మసకబారతాయి. సీసాని వేలితో తడితే బుడగలు ఒక్కసారిగా పైకి లేస్తాయి. ఇది ల్యూకోనోస్టాక్ అనే బ్యాక్టీరియా పని. కొంత పులుపు, కొంత గ్యాస్ పుట్టించి అది అలిసిపోతుంది. తను చేసిన పులుపే తనకి ఎక్కువై దిగిపోయాక, ఇంకా పుల్లటి నీళ్ళలోనూ బతకగల లాక్టోబాసిల్లస్ ప్లాంటారమ్ రెండో షిఫ్ట్ ఎక్కుతుంది. బుడగలు తగ్గుతాయి, పులుపు పెరుగుతుంది, అడుగున తెల్లటి మడ్డి పేరుకుంటుంది. బాగా ఎండగా ఉంటే మొదటి షిఫ్ట్ సరిగ్గా సాగకముందే రెండోది వచ్చి కూర్చుంటుంది. అందుకే వేసవిలో పెట్టినది పుల్లగానే ఉంటుంది గాని చలికాలపు కమ్మదనం రాదు.

నీళ్ళు మసకబారిన రోజే పక్క క్వార్టర్ చెల్లె వచ్చి చూస్తుంది. "గిదేంది అక్కా, నీళ్ళు తెల్లగైనయ్, ఖరాబైనట్టేనా?" "ఖరాబ్ గాలే చెల్లె, ఊరుతున్నది. నాలుగు రోజులైతే నీకే పెడ్త." ఆ జవాబు ధైర్యంగా చెప్పాలంటే ఏది చెడు, ఏది కాదు అన్నది తెలిసుండాలి.

మసక నీళ్ళు, తెల్లటి మడ్డి మంచి గుర్తులు. నీటిమీద పల్చటి తెల్లటి పొర, ముడతలు పడిన మీగడలాంటిది కడితే అది ఒక రకం ఈస్ట్. ప్రమాదం లేదు, వాసన పాడుచేస్తుంది కాబట్టి శుభ్రమైన చెంచాతో తీసేయండి. ఎల్లిగడ్డ రెబ్బ నీలంగానో ఆకుపచ్చగానో మారితే కంగారుపడకండి. అందులోని గంధకపు పదార్థాలు పులుపుతో కలిసి చేసే రంగు అది, తినొచ్చు. మొదటి రోజుల్లో నీళ్ళు కాస్త సాగినట్టుంటే ఆగండి, తర్వాత అదే పోతుంది. బొచ్చులాగా లేచిన బూజు, నల్లదీ ఆకుపచ్చదీ గులాబీరంగుదీ, కనిపిస్తే మాత్రం మొత్తం పారబోయండి. పైది తీసేసి కిందిది తిందామనే పొదుపు ఇక్కడ పనికిరాదు. కుళ్ళిన వాసన, మురికికాలువ వాసన వస్తే రుచి చూసే ప్రయత్నం కూడా వద్దు. మంచి సీసాకి పుల్లమజ్జిగ వాసన ఉంటుంది, ముక్కుకి వెంటనే తెలుస్తుంది.

గాలి తగలని తిండిలో పుట్టే విషంతో వచ్చే బొటులిజం జబ్బు మాట చాలామంది అడుగుతారు. ఆ విషాన్ని తయారుచేసే బ్యాక్టీరియా పీహెచ్ (పులుపు పెరిగినకొద్దీ తగ్గే అంకె) 4.6 కంటే తగ్గితే పెరగలేదు. ఉప్పు సరిగ్గా వేసిన సీసా కొద్దిరోజుల్లోనే అంతకంటే చాలా కిందికి దిగుతుంది. పీహెచ్ కాగితాలు దొరికితే ఒక కట్ట తెచ్చుకోండి. నాలుగు కంటే తక్కువ చూపిస్తే నిశ్చింతగా ఉండొచ్చు. ఇంతకంటే ఎక్కువ ప్రమాదం, నిజం చెప్పాలంటే, పచ్చి ఎల్లిగడ్డని వట్టి నూనెలో ముంచి గట్టుమీద వారాల తరబడి ఉంచడంలో ఉంది. అక్కడ పులుపూ లేదు, గాలీ లేదు.

పండు మిరపకాయ

ఈ విద్యకి మన ప్రాంతంలో దీనికంటే తగిన సరుకు లేదు. చలికాలం చివర అంగడికి పండు మిరపకాయ వస్తుంది, అప్పుడే రాత్రులు చల్లగా ఉంటాయి. కాయ, కాలం రెండూ కుదిరే వారాలు అవి.

కాయలు ఎంచేటప్పుడు తొడిమ పచ్చగా, తోలు బిగుతుగా ఉన్నవి తీసుకోండి. మెత్తబడినవి, తొడిమ దగ్గర నల్లబడినవి ఒక్కటి కూడా కలపొద్దు. కడిగి, ఆరబెట్టి, తొడిమలు తీశాక తూచండి. కిలో కాయలకి 50 గ్రాముల ఎల్లిగడ్డ రెబ్బలు వేస్తే మొత్తం 1050 గ్రాములు, మూడున్నర శాతం లెక్కన సుమారు 37 గ్రాముల ఉప్పు. రోట్లో దంచినా సరే, మిక్సీలో ఆపి ఆపి తిప్పినా సరే, మెత్తటి ముద్ద కావద్దు, గింజ నలగకుండా బరకగా ఉండాలి. చేతికి ప్లాస్టిక్ తొడుగు వేసుకోండి. వేసుకోనివాళ్ళకి రాత్రి కన్ను నలుపుకున్నప్పుడు ఎందుకు చెప్పారో అర్థమవుతుంది.

సీసాని ముప్పావు వరకే నింపండి. మిరప ముద్ద పొంగుతుంది. రెండో రోజుకి ముద్దంతా పైకి లేచి, అడుగున ఎర్రటి నీరు విడిగా నిలుస్తుంది. ఈ ఒక్క సీసా విషయంలో మాత్రం రోజుకోసారి చేయి పెట్టాలి: శుభ్రమైన, పొడి చెంచాతో పైముద్దని కిందికి నొక్కి, నీళ్ళు పైకొచ్చేలా చేయాలి. వారం దాటాక పొంగు తగ్గుతుంది. అప్పుడు పైన చెంచాడు ఉప్పు చల్లి, జిప్ కవర్ బరువు పెట్టి వదిలేయండి. పుష్య, మాఘ మాసాల్లో మూడు వారాలు. ఇంకా ఆగగలిగితే ఆరు. పచ్చికారం వాసన పోయి, పండు వాసనలాంటిది వస్తుంది. ఘాటు తగ్గదు, పులియబెడితే కారం చస్తుందన్నది ఒట్టిమాట. నాలుక మీద కారం పక్కన పులుపు కూర్చుంటుంది గనుక తక్కువైనట్టు అనిపిస్తుంది, అంతే.

అమెరికాలోని లూసియానాలో ఆవెరీ ఐలాండ్ అనే చోట మెకిల్హెన్నీ కుటుంబం 1868 నుంచి తయారుచేస్తున్న టబాస్కో సాస్ ఈ పద్ధతికి దగ్గరి చుట్టమే. మిరపకాయల్ని ఉప్పుతో నూరి, ఓక్ చెక్క పీపాల్లో మూడేళ్ళ దాకా ఉంచి, తర్వాత వెనిగర్ కలుపుతారు. ఆ దీవి ఉప్పుగని మీద ఉంది, వాళ్ళకి ఉప్పు వెతుక్కోవాల్సిన పని లేకపోయింది. కొరియాలో శీతాకాలానికి ముందు ఇంటిల్లిపాదీ, ఇరుగుపొరుగూ కూడి కిమ్చీ పెట్టుకునే ఆచారాన్ని 2013లో యునెస్కో వారసత్వ జాబితాలో చేర్చింది. మన వాకిళ్ళలో మామిడికాయ తొక్కు పెట్టే రోజు నలుగురు ఆడబిడ్డలు, వదినలు కత్తిపీటలు పట్టుకుని కూర్చోవడం చూసినవాళ్ళకి అది వింతగా తోచదు.

ఊరిన ముద్దని అలాగే వాడుకోవచ్చు, లేదా తన నీళ్ళతోనే మెత్తగా రుబ్బి, వడకట్టి సన్నమూతి సీసాలో పోసుకోవచ్చు. మిక్సీ మూత తీసేటప్పుడు మొహం పక్కకి తిప్పుకోండి. వానాకాలం మక్క గారెలతో, ఏ కాలమైనా సర్వపిండితో, పొద్దున పెరుగు సద్దన్నంలో అర చెంచా. ఫ్రిజ్‌లో పెడితే నెలల తరబడి ఉంటుంది. ఉడకబెడితే లోపలి జీవులు చస్తాయి గాని రుచి మిగులుతుంది, పప్పులో పోపు తర్వాత వేసేది ఎలాగూ వేడెక్కుతుంది, దానికి బాధపడక్కర్లేదు.

పండ్ల దగ్గర ఆచితూచి

పండులో చక్కెర ఎక్కువ. చక్కెర ఎక్కువైన చోట ఈస్ట్ ముందుకొస్తుంది, ఈస్ట్ వస్తే పులుపు బదులు కల్లు తయారవుతుంది. ఈతచెట్టు కింద నిలబడి ఎదిగిన ఊళ్ళకి ఇది విడమరిచి చెప్పనక్కర్లేదు. కాబట్టి పండినవి కాక దోరగాయలు, పచ్చికాయలు ఎంచుకోండి: దోర జామ, పచ్చి బొప్పాయి, పచ్చి మామిడి. సంక్రాంతికి వచ్చే రేగుకాయలు ఇంకా పచ్చిదనం ఉన్నప్పుడు నాలుగు శాతం ఉప్పునీళ్ళలో, రెండు పచ్చిమిరపకాయలు చీరి వేసి, నాలుగైదు రోజులు పెట్టి ఫ్రిజ్‌లోకి మార్చండి. అంతకంటే ఆగితే నురగ కడుతుంది. బాగా పండిన అనాసముక్కలు మిరప ముద్దలో పదోవంతు కలపొచ్చు గాని విడిగా ఊరవేయాలంటే రెండు రోజులే గడువు.

ఉసిరి వేరే కథ. దాని పులుపు దానికి పుట్టుకతోనే ఉంది, బ్యాక్టీరియాకి మిగిలే పని తక్కువ. కార్తీకంలో వచ్చిన కాయల్ని గాట్లు పెట్టి, అయిదారు శాతం ఉప్పునీళ్ళలో పసుపు వేసి ఉంచితే నెలకి వగరు తగ్గి, గింజ నుంచి గుజ్జు తేలిగ్గా వదులుతుంది. అది ఎక్కువగా ఉప్పు చేసిన పనే, ఒప్పుకుందాం.

వేసవి వచ్చాక

శివరాత్రి దాటితే పద్ధతి మార్చాలి. ఇంట్లోనే 35 డిగ్రీలుంటే క్యారెట్, గోబీ సీసా రెండు మూడు రోజుల్లోనే పులుస్తుంది. అంతకు మించి గట్టుమీద ఉంచితే ముక్క పిండైపోతుంది. ఉప్పు ఒక శాతం పెంచండి, సీసా చిన్నది పెట్టండి, బుడగలు జోరుగా వచ్చిన మర్నాడే ఫ్రిజ్‌లోకి మార్చండి. అక్కడ నెమ్మదిగా మిగతా పని పూర్తవుతుంది. కరెంటు పోయే ఇళ్ళలో, రంజన్ పెట్టిన నీడలోనే ఒక తడి గోనెసంచి చుట్టి సీసాని నీళ్ళ పళ్ళెంలో నిలబెడితే కొన్ని డిగ్రీలు తగ్గుతుంది. కూలర్ పనిచేసే సూత్రమే అది. మన మే నెల గాలి పొడిగా ఉంటుంది గనుక సాగుతుంది, జూన్‌లో తేమ పట్టాక సాగదు.

ఉప్పు మాట కూడా ఒకటి చెప్పాలి. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన ఆహార మార్గదర్శకాల్లో రోజుకి అయిదు గ్రాముల ఉప్పు దాటొద్దంది. మూడు శాతం ఉప్పుతో ఊరిన ముక్కలు 50 గ్రాములు తింటే అందులోనే గ్రామున్నర పోయింది. ఆవకాయలో ఉప్పు దీనికి మూడు నాలుగింతలు కాబట్టి ఇది మేలే గాని, కంచంనిండా వడ్డించుకునే కూర కాదు. గనిలో చెమటోడ్చేవాళ్ళకి ఉప్పు కావాలి కదా అని కొందరంటారు. బీపీ మాత్ర వేసుకునేవాళ్ళు ఆ మాట డాక్టరు ఎదుట అని చూడాలి.

ఎండని శత్రువులా కాక పనిమనిషిలా వాడుకునే పద్ధతి ఒకటి మనవాళ్ళకి ఉండనే ఉంది: సల్ల మిరపకాయలు. ఇందులో పులిసేది కాయ కంటే ముందు సల్లే. లావు పచ్చిమిరపకాయలు అరకిలో తెచ్చి, తొడిమ ఉంచి, ఒక పక్కన గాటు పెట్టండి. రెండు రోజులు పులిసిన చిక్కటి సల్ల అరలీటరులో 40 గ్రాముల ఉప్పు కలిపి, కాయలు రాత్రంతా అందులో నాననివ్వండి. పొద్దున కాయలు మాత్రం తీసి చాటలో డాబామీద ఎండేయండి, సల్లని నీడలో మూతపెట్టి ఉంచండి. పొద్దుగూకాక కాయలు తెచ్చి మళ్ళీ అదే సల్లలో వేయండి. మూడో రోజుకి, నాలుగో రోజుకి సల్లంతా కాయలే తాగేస్తాయి, రంగు పచ్చ నుంచి పాలిపోయిన గోధుమరంగుకి తిరుగుతుంది. ఇక కాయల్ని మాత్రమే ఎండబెట్టాలి. రోహిణి కార్తె ఎండకి రెండు మూడు రోజులు చాలు. గుప్పిట్లో పట్టి ఊపితే లోపల గింజలు గలగలమనాలి. తొడిమ దగ్గర మెత్తగా వంగితే డబ్బాలో పెట్టకండి, ఇంకో పగలు ఎండ చూపించండి.